ఎంజీబీ, కారెన్స్: తిరుపతిలో నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు

పెట్రోల్ బంకులో, లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, ఆఖరికి కపిలతీర్థం ముందు చెప్పులు విడుస్తున్నప్పుడు కూడా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి నా పాత కారు గురించి అడుగుతారు. పదిహేనేళ్ళుగా ప్రశ్నలు దాదాపు అవే. ఇంట్లో రెండు బండ్లు ఉన్నాయని తెలిసినవాళ్ళు ఇంకో నాలుగు అడుగుతారు. నిలబడి చెప్పే తీరిక ప్రతిసారీ ఉండదు కాబట్టి ఒకసారి కూర్చుని రాసేశాను.

ఇంతకీ ఆ రెండు కార్లు ఏవి?

ఒకటి 1966 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్. ఇంగ్లండ్‌లో ఆబింగ్‌డన్ అనే ఊళ్ళో తయారైంది. రెండు తలుపులు, రెండు సీట్లు, పైన గుడ్డ టాపు. ఎంబసీలో పనిచేసిన ఒక దొర తెచ్చుకున్న బండి. వాళ్ళు దేశం వదిలి వెళ్ళేటప్పుడు అలాంటి కార్లను ప్రభుత్వ సంస్థ ఎస్టీసీ అమ్మకానికి పెట్టేది. అలా చేతులు మారి మద్రాసులో ఉన్న మా మేనమామ దగ్గరికి, ఆయన చూపు తగ్గాక నా దగ్గరికి వచ్చింది.

రెండోది 2022లో కొన్న కియా కారెన్స్. 1.5 లీటర్ల పెట్రోలు బండి, ఏడు సీట్లు. ఇది మన రాయలసీమ బిడ్డే, పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో పుట్టింది. అమ్మా నాన్నా, మేమిద్దరం, పిల్లలిద్దరు, ఎప్పుడూ ఎవరో ఒక చుట్టం. ఏడు సీట్లూ నిండే ఇల్లు మాది.

ఎంజీ అంటే ఇప్పుడు హెక్టర్ అమ్మే కంపెనీయేనా?

పేరు అదే, బ్యాడ్జీ అదే. మనుషులు, ఊరు, డబ్బు అన్నీ వేరు. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ కార్లు అమ్మే దుకాణం అది. దాని మేనేజరు సెసిల్ కింబర్ 1920ల్లో మామూలు మోరిస్ కార్ల మీద హుషారైన బాడీలు కట్టించి అమ్మడంతో ఈ పేరు మొదలైంది. 1929 నుంచి 1980 దాకా ఆబింగ్‌డన్‌లో కార్లు తయారయ్యాయి, ఆ తరవాత ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పేరు చేతులు మారుతూ చివరికి చైనా కంపెనీ సాయిక్ దగ్గరికి చేరింది. మన దేశంలో హెక్టర్ 2019లో వచ్చింది, గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతుంది.

మొన్నొక కుర్రాడు "అన్నా, ఇది హెక్టర్‌కి చిన్న మోడలా?" అని అడిగాడు. తాత అని చెప్పాను. నమ్మలేదు.

స్టాండర్డ్ హెరాల్డ్ కాదా ఇది?

అరవై దాటినవాళ్ళంతా ఇదే అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. హెరాల్డ్ మద్రాసులోనే 1961 నుంచి తయారైంది, చిత్తూరు జిల్లాలో డాక్టర్ల ఇళ్ళ ముందు, ప్లీడర్ల ఇళ్ళ ముందు అవే కనిపించేవి. హెరాల్డ్ అడుగు చట్రాన్ని పొట్టి చేసి ఇంగ్లండ్‌లో స్పిట్‌ఫైర్ అని ఒక స్పోర్ట్స్ కారు చేశారు. అది ఎంజీ వాళ్ళ ఇంకో చిన్న కారు మిడ్జెట్‌కి పోటీ. నా బండి మాత్రం ఆ ఇంటిది కాదు.

వింటేజ్ అనొచ్చా, క్లాసిక్ అనాలా?

ఇంగ్లండ్‌లో పాతకార్ల వాళ్ళ లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైనవే. వాళ్ళ ముందు నా బండిని వింటేజ్ అంటే నవ్వుతారు. మన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మాత్రం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, సొంత వాడకంలో ఉండి, చట్రం, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటే వింటేజే. 2021లో వచ్చిన నియమం. తిరుపతిలో ఉన్నాను కాబట్టి వింటేజ్ అనే అంటాను.

రెండిట్లో ఏది ఫాస్ట్?

అందరికీ కావలసింది ఈ ప్రశ్నే. సమాధానం ఎవరికీ నచ్చదు.

కాగితం మీద చూడండి. ఎంజీబీ ఇంజిన్ 1,798 సీసీ, 95 హార్స్ పవర్. కారెన్స్ ఇంజిన్ 1,497 సీసీ, 115 హార్స్ పవర్. చిన్న ఇంజిన్‌తో ఎక్కువ బలం రాబట్టడమే ఈ అరవై ఏళ్ళలో జరిగిన పని. స్పోర్ట్స్ కారుగా పుట్టినది సున్నా నుంచి గంటకు 96 కిలోమీటర్లు అందుకోవడానికి 12 సెకన్లు తీసుకుంటుంది. ఈ రోజుల్లో పిల్లల్ని స్కూల్లో దించే కార్లు చాలావరకు ఆ పని చేసేస్తాయి. తడుకు దాటాక, చెన్నై రోడ్డులో, నన్ను స్విఫ్ట్‌లు దాటిపోతాయి. ట్యాక్సీ ఎటియోస్‌లు కూడా దాటిపోతాయి.

కానీ టార్క్ అంకె చూస్తే కథ మారుతుంది. లాగే శక్తి అన్నమాట. ఎంజీబీది సుమారు 149 న్యూటన్ మీటర్లు, కారెన్స్‌ది 144. దాదాపు సమానం. పైగా పాతది 3,000 ఆర్పీఎం దగ్గరే ఆ బలమంతా ఇచ్చేస్తుంది, కొత్తదాన్ని 4,500 దాకా లాగాలి. ఎంజీబీ బరువు 920 కిలోలు. కారెన్స్ దానికంటే ఎంతో బరువు, అందులో ఏడుగురు కూర్చుని, డిక్కీలో కాణిపాకం ప్రసాదం సంచులు పెడితే ఇక చెప్పక్కర్లేదు. చంద్రగిరి దాటి రంగంపేట వైపు, ఖాళీ రోడ్డు మీద, మూడో గేర్లో ఎంజీబీ లాగే తీరు కారెన్స్‌లో రాదు.

ఇంకొకటి ఎత్తు. ఎంజీబీ మొత్తం ఎత్తు మీటరూ పాతిక సెంటీమీటర్లు. అందులో కూర్చుంటే ఆర్టీసీ బస్సు చక్రం నా చెవి పక్కన తిరుగుతుంది. చెయ్యి కిందికి వేలాడేస్తే రోడ్డు అందుతుందేమో అనిపిస్తుంది. స్పీడోమీటర్ మైళ్ళలో ఉంటుంది. మా అక్క కొడుకు ఒకసారి పక్కన కూర్చుని "ఏంది మామా, అరవైలోనే పోతున్నావు, ఇంతగా భయమేస్తోందేం?" అన్నాడు. అరవై మైళ్ళంటే 96 కిలోమీటర్లు. వాణ్ణి కారెన్స్‌లో 96 మీద తీసుకెళ్తే సెల్‌ఫోన్ చూసుకుంటూ నిద్రపోతాడు.

కాబట్టి గడియారం పెడితే కారెన్స్ వెనకబడదు. గుండె మీద చెయ్యి పెడితే ఎంజీబీ ఫాస్ట్.

మైలేజీ?

ఎంజీబీ ఊళ్ళో 8, బయట 11. కారెన్స్ ఊళ్ళో 11, బయట 15, ఏసీ వేసి. ఇవి నా లెక్కలు, కంపెనీవి కావు.

ఏసీ ఉందా?

ఉంది. టాపు తీసేస్తే వస్తుంది.

స్టార్ట్ చేయడానికి అంతసేపు ఎందుకు పడుతుంది?

కారెన్స్‌కి క్లచ్ తొక్కి బటన్ నొక్కితే చాలు. మా ఆవిడ సీటు బెల్టు పెట్టుకునేలోపు గేటు దాటుతాం.

ఎంజీబీకి ఒక తంతు ఉంది. ముందు రేడియేటర్‌లో నీళ్ళు, ఇంజిన్ ఆయిల్ చూడాలి. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బరేటర్లు రెండున్నాయి, రెండిటికీ పైన చిన్న మూతలుంటాయి, వాటిని తిప్పి తీసి లోపల గొట్టంలో ఆయిల్ ఉందో లేదో నెలకోసారి చూసుకోవాలి. అది తగ్గితే కాలు నొక్కినప్పుడు ఇంజిన్ తటపటాయిస్తుంది. తాళం తిప్పగానే వెనక నుంచి టక్ టక్ టక్ అని పెట్రోల్ పంపు కొట్టుకుంటుంది. కార్బరేటర్ తొట్లు నిండగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆగకపోతే ఎక్కడో కారుతోందని అర్థం. ఆగాక చోక్ లాగి సెల్ఫ్ కొట్టాలి. పట్టుకుంటే పట్టుకుంది, లేకపోతే చోక్ సగం నెట్టి ఇంకోసారి.

పట్టుకున్నాక కూడా బయల్దేరకూడదు. ఆయిల్ ప్రెజర్ సూది లేచి నిలబడాలి, చోక్ మెల్లగా లోపలికి పోవాలి. మొదటి గేరు బండి పూర్తిగా ఆగితే తప్ప పడదు. 1967 చివర్లో కంపెనీ ఆ లోపం దిద్దింది, నాది అంతకుముందు పుట్టింది. కదులుతున్న బండిలో మొదటి గేరు వెయ్యబోతే పెంకు మీద గీరినట్టు శబ్దం వస్తుంది. వీధి మొత్తానికీ తెలుస్తుంది.

మా నాన్న వరండాలో కూర్చుని ఈ తంతంతా పేపరు పక్కకి వంచి చూస్తారు. ఆయనకి కారెన్స్ అంటే ఇష్టం. ఎంజీబీ బయల్దేరేటప్పుడు మాత్రం లేచి గేటు తీస్తారు.

మే నెల ఎండల్లో నడుస్తుందా?

పొద్దున ఏడులోపు అయితే నడుస్తుంది. ఆ తరవాత దానికీ వద్దు, నాకూ వద్దు. రేడియేటర్ ఫ్యానును ఇంజినే తిప్పుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. సరిగ్గా గాలి కావలసినప్పుడే గాలి ఉండదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో అలిపిరి రోడ్డులో ఒకసారి ఇరుక్కున్నాను. గంటలో నలభై అడుగులు కదిలి ఉంటాను. సూది ఎర్ర గీత మీదికి పోయింది. బానెట్ ఎత్తి పక్కన ఆపితే భక్తులు చుట్టూ చేరి ఎవరి సలహా వాళ్ళు చెప్పారు. ఒక పెద్దాయన తన చెంబులో నీళ్ళు రేడియేటర్‌లో పోయబోయాడు. వేడి మీద మూత తీస్తే ఆవిరి మొహం మీద కొడుతుందని ఆయన చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఇంకో సమస్య, ఎండకి కార్బరేటర్ తొట్లలో పెట్రోలు ఆవిరై, కాసేపు ఆపిన బండి మళ్ళీ స్టార్ట్ కాదు. పావుగంట ఓపిక పడితే అదే అవుతుంది.

కారెన్స్‌కి ఇవేవీ ఉండవు. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడి రోడ్డు సగం మూసేస్తే, ఏసీ వేసుకుని పాటలు వింటూ కూర్చుంటాం.

ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత కారుకి పనికొస్తుందా?

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. పాత బండికి దీనివల్ల మూడు చిక్కులు. ఒకటి, పాత రబ్బరు పైపుల్ని, గాస్కెట్లని ఇథనాల్ పాడుచేస్తుంది. నేను ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా పైపులన్నీ కొత్త రకానివి వేయించాను. ఇది వాయిదా వేయకూడదు, పైపు చీలితే వేడి ఇంజిన్ మీద పెట్రోలు పడుతుంది. రెండు, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. వారానికోసారైనా నడపాలి, వర్షాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచాలి. మూడు, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడినట్టు నడుస్తుంది. కొత్త బండిలో కంప్యూటరు దాన్ని సర్దేస్తుంది. ఎంజీబీలో కంప్యూటరు నేనే. కార్బరేటర్ అడుగున ఆరు పలకల నట్టు ఉంటుంది, దాన్ని ఒక పలక కిందికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. రెండు కార్బరేటర్లకీ సమానంగా తిప్పాలి, ప్లగ్గుల రంగు చూసి సరిపోయిందో లేదో తెలుసుకోవాలి. ఇటుక రంగు మంచిది, తెలుపు ప్రమాదం, నలుపు దండగ.

దీనికంటే ముందు ఇంకో గండం దాటింది ఈ బండి. దాని కాలంలో పెట్రోల్లో సీసం ఉండేది, వాల్వులు కూర్చునే చోటికి అది మెత్తలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో సీసం లేని పెట్రోలే. మామ అప్పట్లోనే చెన్నైలో లేత్ పనివాళ్ళ దగ్గర వాల్వులు కూర్చునే ఆ చోట గట్టి ఉక్కు రింగులు వేయించాడు కాబట్టి నాకు ఆ పని తప్పింది.

తిరుపతిలో దీనికి మెకానిక్ ఎక్కడ దొరికాడు?

అంబాసిడర్ పుణ్యం. ఈ మాట చెప్తే ఎవరూ నమ్మరు గాని, మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు ఉన్న 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఎంజీబీ 1,798 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబం. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి సిరీస్. పార్టులన్నీ ఒకదానివి ఒకదానికి సరిపోతాయని కాదు. కానీ అంబాసిడర్ ఇంజిన్ విప్పి బిగించిన చేతికి ఎంజీబీ ఇంజిన్ పరాయిది కాదు. ట్యాపెట్లు సర్దే తీరు, పాయింట్లు అరగదీసే తీరు, ఎక్కడ ఆయిల్ చెమరుస్తుందో ఆ చోటు, అన్నీ తెలిసినవే.

నా మెకానిక్ రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో ఉండేవాడు, ఇప్పుడు డెబ్బై దాటాయి. కొండకి ట్యాక్సీలు తిప్పిన అంబాసిడర్లను జీవితమంతా బాగుచేసినవాడు. మొదటిసారి బానెట్ ఎత్తి చూపిస్తే ఒక్క నిమిషం చూసి, "ఇది మన బండే సామీ, కొంచెం షోకు చేసుకుంది" అన్నాడు. రెండు కార్బరేటర్లు చూసి మాత్రం నసిగాడు. రెండిటినీ ఒకే గొంతుతో పాడించడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. చెవికి రబ్బరు గొట్టం పెట్టుకుని ఒక్కొక్కదాని ఈల వినడం ఆయనే కనిపెట్టాడనుకున్నాను, తరవాత తెలిసింది ఇంగ్లండ్‌లోనూ అలాగే చేస్తారని.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ తరం చేతులు కూడా ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. పార్టులకు భయం లేదు, ఇంగ్లండ్‌లో ఎంజీబీకి దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతాయి. 1988 నుంచి పూర్తి కొత్త బాడీ కూడా తయారు చేసి అమ్ముతున్నారు. సుంకం కట్టుకుంటే ఇంటికి వస్తాయి. పార్టు దొరికి, బిగించే మనిషి దొరకని రోజు గురించే నా టెన్షన్. అందుకే ట్యాపెట్లు సర్దడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చల్లటి ఇంజిన్ మీద సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట 15 వంతులు.

కారెన్స్ ఏడాదికోసారి షోరూముకి పోతుంది. టోకెన్ ఇస్తారు, కాఫీ ఇస్తారు, సాయంత్రం బండి ఇస్తారు. బానెట్ కింద ఏముందో నేను నాలుగేళ్ళలో రెండుసార్లు చూశానేమో.

ఎంజీబీలో ఫోన్ చార్జర్, పాటలు పెట్టించారా?

పెట్టించబోయి చేతులు కాల్చుకున్నాను. 1967 చివరి దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలుపుతారు. ఇప్పటి బండ్లన్నిటికీ నెగటివే. పైగా బ్యాటరీ ఒకటి కాదు, సీట్ల వెనక రెండు ఆరు వోల్టులవి దాక్కుని ఉంటాయి. ఒక దుకాణంలో కుర్రాడు అలవాటు ప్రకారం వైర్లు కలిపేశాడు. చార్జర్ లోపలి లోహపు అంచు బాడీకి తగలగానే డ్యాష్‌బోర్డు వెనక నుంచి పొగ. బ్యాటరీ వైరు పీకేలోపు ఒక కట్ట వైర్లు కరిగిపోయాయి. తప్పు వాడిది కాదు, ముందే చెప్పకపోవడం నాది. ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింద ఎర్ర అక్షరాలతో ఒక చీటీ అంటించాను. పాటలు లేవు. సైలెన్సర్ పాడుతుంది.

తిరుమల కొండకి తీసుకెళ్తారా?

ఎంజీబీనా? లేదు. అలిపిరి తనిఖీ దగ్గర పాత వాహనాల మీద ఆంక్షలున్నాయి, ఉండటం న్యాయం కూడా. ఘాట్ రోడ్డు మధ్యలో ఒక పాత బండి ఆగిపోతే వెనక వందల మంది ఆగిపోతారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది కాబట్టి స్పోర్ట్స్ కారుకి అక్కడ చేసే పని కూడా లేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచినప్పుడు ఎలాంటి బండ్లు ఎక్కాయో చూడాలని మాత్రం ఉంటుంది. కొండకి కారెన్స్‌లోనే పోతాం. ఏటవాలులో ఆగి కదిలేటప్పుడు బండి వెనక్కి జారకుండా అదే పట్టుకుంటుంది, అమ్మకి కళ్ళు తిరగవు.

ఎంజీబీకి నా దారులు వేరు. కల్యాణి డ్యామ్ దాకా, లేదా భాకరాపేట ఘాట్ ఎక్కి అక్కడ టీ తాగి వెనక్కి. ఆదివారం ఐదున్నరకి బయల్దేరితే పాలవాళ్ళు తప్ప ఎవరూ ఎదురుకారు. స్పీడ్ బ్రేకర్లు మాత్రం ఒక్కొక్కటీ ఎక్కడుందో నోటికి వచ్చు. కారెన్స్ కింద 195 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది, ఎంజీబీకి అందులో మూడింట రెండు వంతులే.

పిల్లల్ని ఎక్కిస్తారా? సేఫేనా?

కాదు. ఇక్కడ నాకు మొహమాటం లేదు. కారెన్స్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, ఏబీఎస్, బండి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు ఉన్నాయి. ఎంజీబీలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, మధ్యలో నా కాలు. బ్రేకుకి సాయంగా ఏ పరికరమూ లేదు, బలంగా తొక్కాలి. స్టీరింగ్ కడ్డీ నిటారుగా గుండెకి గురిపెట్టి ఉంటుంది, గుద్దుకుంటే ముడుచుకోదు. సీటు బెల్టులు నేను పెట్టించినవి. ఎదుట లారీ వాడికి నేను కనపడ్డానో లేదో ఎప్పుడూ అనుమానమే.

చిన్నవాణ్ణి మా వీధి చివరి దాకా తిప్పుతాను, అంతే. పదహారేళ్ళ అమ్మాయి తెల్లవారి ఖాళీ రోడ్డు మీద, బెల్టు పెట్టుకుని, వస్తుంది. వాళ్ళమ్మకి అది కూడా ఇష్టం లేదు. ఆవిడ మాటే సరైనదని నాకు తెలుసు.

ఆర్సీ, ఇన్సూరెన్స్ సంగతి?

ఓపికగా చదవండి, డబ్బుతో పని.

నా బండికి పాత రిజిస్ట్రేషనే ఉంది. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన మామూలు కారుకి ఆ ఫీజు 10,000 రూపాయలు చేశారు, దిగుమతి కారుకి 80,000. వింటేజ్‌గా రిజిస్టర్ చేయిస్తే ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, తరవాత రెన్యువల్ 5,000. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తరవాత 'వీఏ' అని వస్తుంది.

మరి వింటేజ్ చేయించేస్తే పోలేదా? అక్కడే మెలిక. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనలకి, వింటేజ్ ర్యాలీలకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి, అంతవరకే. నా ఆదివారం భాకరాపేట టీ ఆ జాబితాలో లేదు. 80,000 కట్టి టీ తాగాలా, 20,000 కట్టి మానేయాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది.

ఇన్సూరెన్స్‌లో ఒక తమాషా. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ దాకా 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897. ఏడుగురు ఎక్కే కారెన్స్ 1,497 సీసీ కాబట్టి తక్కువ వరసలోకి, ఇద్దరు ఎక్కే ఎంజీబీ ఎక్కువ వరసలోకి పోయాయి. వింటేజ్‌గా రిజిస్టరైన కారుకి అందులో సగం తగ్గింపు ఉంది. బండి విలువ ఎంత రాయాలనేది ఐదేళ్ళు దాటిన బండ్లకి మనమూ కంపెనీవాళ్ళూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి. ఫొటోలు, రిపేరు బిల్లులు దగ్గర పెట్టుకుని వెళ్ళండి, లేకపోతే పాత ఇనుము ధర రాస్తారు.

పెళ్ళి ఊరేగింపుకి ఇస్తారా?

ఇవ్వను. సొంత బండి నంబరుతో అద్దెకి తిప్పడం చట్టం ఒప్పదు. ఉచితంగా అడిగినా, నడక వేగంతో రెండు గంటలు ఊరేగితే ఇంజిన్ ఉడికిపోతుంది. పెళ్ళికొడుకు తలపాగాతో అందులో దూరలేడు కూడా. మా మేనల్లుడి పెళ్ళిలో చూశాం.

ఎంతకిస్తారు?

అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్తున్నాను, కారెన్స్ అయితే మాట్లాడుకుందాం.

ఒక్కటే ఉంచుకోవాలంటే?

కారెన్స్. ఒక్క క్షణం కూడా ఆలోచించను. అర్ధరాత్రి నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళింది అది. వానలో అమ్మాయిని పరీక్షకి దింపింది అది. నిజానికి ఎంజీబీ నా దగ్గర ఉండగలుగుతోందీ కారెన్స్ వల్లే. ఇంట్లో ఎంజీబీ ఒక్కటే ఉన్న ఆరు నెలల్లో దాన్ని తిట్టని రోజు లేదు. ప్రతి పనికీ అదే కావాలి, ప్రతి పనికీ అది చాలదు. అమ్మేద్దామని బేరం కూడా పెట్టాను. రెండో బండి వచ్చాకే దాని మీద కోపం పోయింది.

అందుకే మొదటి కారుగా పాత స్పోర్ట్స్ కారు కొంటానని వచ్చే కుర్రాళ్ళని ముందు ఇంట్లోకి ఒక మామూలు కారు కొనుక్కోమంటాను.

నేను కూడా ఎంజీబీ కొందామనుకుంటున్నా. ఏం చూడాలి?

ఇంజిన్ చూడకండి. నవ్వకండి, నిజంగానే. ఇంజిన్ ఎంత పాడైనా బాగవుతుంది. తుప్పు చూడండి.

ఈ బండికి కింద విడిగా చట్రం లేదు, బాడీయే బలం. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా, లోపల బోలుగా ఒక పెట్టెలాంటి భాగం ఉంటుంది. పైన టాపు లేని బండి కాబట్టి మొత్తం బరువు మోసేది అదే. అది లోపల నుంచి తుప్పు పడితే పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. ఒక అయస్కాంతానికి గుడ్డ చుట్టి తీసుకెళ్ళండి, ఆ భాగం పొడుగునా ఆనించండి. అతుక్కోని చోట ఇనుము లేదు, పుట్టీ ఉంది. తరవాత తలుపు వేసి, వెనక అంచు దగ్గర సందు ఎంతుందో చూసుకుని, బండిని జాకీ మీద ఎత్తించండి. ఎత్తగానే ఆ సందు మూసుకుపోతోందంటే నడుం విరిగిన బండి. ఎంత చవకగా ఇచ్చినా దండం పెట్టి వచ్చేయండి. చెన్నైలో సముద్రం గాలికి పెరిగిన బండి అయితే ఈ పరీక్ష రెండుసార్లు చేయండి. మన వైపు పొడి గాలి దీనికి మేలు.

కాగితాల్లో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో స్వయంగా పోల్చుకోండి. పాత బండ్ల మీద జరిగే మోసాలు చాలావరకు రంగులో కాదు, ఆర్సీలో ఉంటాయి.

ఒకసారి నడపనిస్తారా?

ఆదివారం, పొద్దున ఐదుంపావుకి. బూట్లు వద్దు, పెడల్స్ మూడూ ఇరుకుగా దగ్గర దగ్గరగా ఉంటాయి, పల్చటి చెప్పులో వట్టి కాళ్ళో మేలు. ఆరడుగులు దాటినవాళ్ళైతే టాపు తీసే ఉంచుతాను. మొదటి గేరు గురించి పైన రాసింది ఇంకోసారి చదువుకుని రండి.